గుమ్మం బెల్లు – పెట్టెలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్

ఇంటికి చుట్టాలు వస్తారు. గుమ్మం పక్కన ఉన్న బెల్లు స్విచ్చి నొక్కుతారు. లోపల బెల్లు మోగుతుంది. ఇంట్లోవాళ్లు వచ్చి తలుపు తీస్తారు.

ఇది రోజూ జరిగేదే. ఇందులో తెలుసుకోవాల్సింది ఏముంది అనిపిస్తుంది. కాని ఉంది.

ఇంట్లో స్విచ్చిలన్నీ కప్పు కింద, గోడల లోపల ఉంటాయి. బెల్లు స్విచ్చి ఒక్కటే బయట ఉంటుంది. ఎండకు ఎండుతుంది. వానకు తడుస్తుంది. పాలు పోసే ఆవిడ నొక్కుతుంది. పోస్టుమాన్ నొక్కుతాడు. బడి నుంచి వచ్చిన పిల్లలు పదిసార్లు నొక్కుతారు. తడి చేత్తో నొక్కేవారు ఉంటారు. చెప్పులు లేకుండా తడి మెట్టు మీద నిలబడి నొక్కేవారు ఉంటారు.

ఆ స్విచ్చి వెనక ఎంత కరెంటు ఉందో ఎప్పుడైనా ఆలోచించారా?

మన ఇళ్లలో చాలా బెల్లులు నేరుగా ఇంటి కరెంటు మీదే మోగుతాయి. అంటే 230 వోల్టులు. ఫ్యానుకు, మిక్సీకి వచ్చే కరెంటే బెల్లు స్విచ్చికీ వస్తుంది. స్విచ్చి బాగున్నంత కాలం భయం లేదు. అది పగిలితే, లోపలికి నీళ్లు దిగితే ఆ 230 వోల్టులు నొక్కిన చేతికి తగులుతాయి. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు.

అత్తాకోడళ్ల మాటలు

ఒక ఊళ్లో ఒక ఇల్లు. అది వానాకాలం. అత్త చెరువు నుంచి బట్టలు ఉతుక్కుని వచ్చింది. రెండు చేతులూ తడిగా ఉన్నాయి. తలుపు లోపల గడియ వేసి ఉంది. బెల్లు నొక్కింది. చెయ్యి జివ్వుమంది. బట్టల మూట కింద పడేసింది.

కోడలు పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది.

"ఏమైంది అత్తయ్యా?"

"బెల్లు నొక్కితే షాకు కొట్టిందమ్మా. మొన్న కూడా కొంచెం జిల్లుమంది. నా చెయ్యే తిమ్మిరెక్కిందేమో అనుకున్నా."

"మొన్ననే చెప్పాల్సింది అత్తయ్యా. మీకు కాబట్టి సరిపోయింది. చంటోడు నొక్కితే ఏమయ్యేది?"

కోడలు ఇంట్లోకి వెళ్లింది. మెయిన్ స్విచ్చి ఆపింది. గుమ్మం దగ్గరికి వచ్చి స్విచ్చిని దూరం నుంచే చూసింది. దాని మూత అంచు పగిలి ఉంది. పగులులో నీటి చుక్కలు ఉన్నాయి. పక్క గోడ కూడా చెమ్మగా ఉంది.

"మీ అబ్బాయి వచ్చాక ప్లాస్టిక్ కాగితం చుట్టమందాం" అంది అత్త.

"కాగితం చుడితే నీళ్లు ఆగుతాయేమో. లోపలి 230 ఎక్కడికి పోతుంది అత్తయ్యా? మిస్త్రీని పిలుద్దాం. వేరే దారి ఉందేమో అడుగుదాం."

కోడలు అడిగింది మంచి ప్రశ్న. వేరే దారి ఉంది. ఆ దారి తెలియాలంటే ముందు ఇంటి కరెంటు పెట్టె సంగతి తెలియాలి.

పెట్టెలో ఏముంది?

వీధి స్తంభం నుంచి రెండు తీగలు ఇంటికి వస్తాయి. ఒకటి ఫేజు. రెండోది న్యూట్రల్. ఫేజు తీగలో కరెంటు వస్తుంది. న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్తుంది. మూడో తీగ ఇంటి దగ్గరే భూమిలో పాతిన గొట్టం నుంచో రేకు నుంచో వస్తుంది. అది ఎర్తు. మన ఇళ్లలో మామూలుగా ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ తీగ వాడతారు. రంగును నమ్మి ఏ తీగనూ ముట్టుకోకూడదు. రంగులు మార్చి వేసిన ఇళ్లు కూడా ఉంటాయి.

ముందు మీటరు. మీటరు తర్వాత మెయిన్ స్విచ్చి. దాని తర్వాత ఇంట్లోకి వెళ్లే దారులు విడిపోతాయి. లైట్లకు ఒక దారి. ఫ్యాన్లకు ఒక దారి. వంటింటి ప్లగ్గుకు ఒక దారి. ఒక్కో దారికి ఒక్కో కాపలా ఉంటుంది. పాత ఇళ్లలో ఆ కాపలా పేరు ఫ్యూజు. ఊళ్లల్లో "ఫీజు" అంటారు. కొత్త ఇళ్లలో ఆ కాపలా పేరు ఎం.సి.బి. ఇవన్నీ ఉండే పెట్టెను డి.బి. అని, ఎం.సి.బి. బాక్సు అని అంటారు.

ఒక దారిలో మోయాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది. ఇల్లు అంటుకోవచ్చు. అలా కాకుండా ఫ్యూజు తీగ ముందే కరిగి తెగిపోతుంది. ఎం.సి.బి. అయితే దానంతట అదే కిందికి పడుతుంది. తెగిన ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టేవాళ్లు ఉన్నారు. అది కాపలా కుక్క నోరు కట్టేసినట్టే.

ఎం.సి.బి. ఉంటే చాలదా?

చాలామంది ఇలా అనుకుంటారు. "మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది. షాకు కొడితే అదే పడిపోతుంది." ఈ మాట నిజం కాదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

కరెంటు ప్రవాహాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. లైట్ల దారికి మామూలుగా 6 ఆంపియర్ల ఎం.సి.బి. వేస్తారు. అంతకు మించి పోతేనే అది పడుతుంది. షాకు కొట్టినప్పుడు మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు మామూలుగా అర ఆంపియరు కూడా ఉండదు. ఆ కొంచెమే గుండెను ఆపగలదు. 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లెక్కలోకే రాదు. అందుకే అది పడదు. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది. మనిషిని కాపాడడం దాని పని కాదు.

మనిషిని కాపాడడానికి వేరే పరికరం ఉంది. దాని పేరు ఆర్.సి.సి.బి. అది వెళ్లిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఎవరి ఒంట్లోంచో, గోడలోంచో భూమిలోకి పోతోందని దానికి తెలుస్తుంది. వెంటనే కరెంటు ఆపేస్తుంది. ఇళ్లలో వేసేది 30 మిల్లీ ఆంపియర్లది. ఒక ఆంపియరును వెయ్యి భాగాలు చేస్తే అందులో 30 భాగాలు. అంత చిన్న తేడాకే అది పడుతుంది. దాని మీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. పక్కన ఇంగ్లీషు అక్షరం 'టి' ఉంటుంది. అప్పుడప్పుడు ఆ బొత్తాం నొక్కి చూడాలి. నొక్కగానే పడితే ఆర్.సి.సి.బి. బాగున్నట్టు. పడకపోతే మిస్త్రీని పిలవాలి.

ఆర్.సి.సి.బి. అందరి ఇళ్లలో ఉండదు. ఉంటే మంచిదే. కాని గుమ్మం దగ్గరికి అసలు 230 వోల్టులే పంపకపోతే ఇంకా మంచిది కదా!

చిన్న ట్రాన్స్‌ఫార్మర్

ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ అందరూ చూసిందే. అది కాలిపోతే ఊరంతా చీకటి. పొలాల్లో మోటార్లు ఆగిపోతాయి. అది చేసే పని ఏమిటి? పెద్ద లైనులో 11,000 వోల్టులు వస్తాయి. అంత కరెంటు ఇంటికి పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది. తగ్గించాక ఇంటికి 230 వోల్టులు అందుతాయి.

బెల్లు ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనీ అదే. కాకపోతే ఇది అరచేతిలో పట్టేంత చిన్నది. 230 వోల్టులను 8 వోల్టులకో, 12 వోల్టులకో తగ్గిస్తుంది. బ్రిటన్‌లో దీన్ని ఇంటి కరెంటు పెట్టెలోనే ఎం.సి.బి.ల పక్కన బిగించడం మామూలు. గుమ్మం దగ్గరికి 8 వోల్టుల తీగలే వెళ్తాయి. 8 వోల్టుల తీగను తడి చేత్తో ముట్టుకున్నా ప్రాణభయం ఉండదు.

లోపల ఏం జరుగుతుంది? ఒక ఇనుప దిమ్మె ఉంటుంది. దాని మీద రెండు రాగి తీగ చుట్టలు ఉంటాయి. మొదటి చుట్టకు 230 వోల్టులు ఇస్తారు. రెండో చుట్ట నుంచి తక్కువ వోల్టులు తీసుకుంటారు. మొదటి చుట్టలో 2,300 చుట్లు, రెండో చుట్టలో 80 చుట్లు ఉన్నాయనుకోండి. అప్పుడు 230 వోల్టులు సుమారు 8 వోల్టులు అవుతాయి. చుట్లు తగ్గితే వోల్టులు తగ్గుతాయి.

ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఈ రెండు చుట్టలకూ తీగ కలపరు. ఒకదాని నుంచి ఇంకోదానికి శక్తి ఇనుము ద్వారా, అయస్కాంత బలంగా వెళ్తుంది. అందుకే గుమ్మం దగ్గర తీగకూ, వీధి స్తంభం తీగకూ నేరుగా సంబంధం ఉండదు. మధ్యలో గోడ కట్టినట్టు ఉంటుంది. భద్రత అంతా ఆ గోడలో ఉంది.

ఇది కొత్త విద్య కాదు. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియం మీద రెండు తీగ చుట్టలు చుట్టి ఈ సంగతి కనిపెట్టాడు. అదే ఏడాది అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే బడిపంతులు ఒక మైలుకు పైగా పొడవున్న తీగ చివర కరెంటుతో గంట మోగించి చూపించాడు.

దుకాణంలో

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. స్విచ్చి విప్పి చూశాడు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది.

"కొత్త స్విచ్చి వేసేస్తా అక్కా. అరగంట పని" అన్నాడు.

"మళ్లీ వాన వస్తే మళ్లీ ఇదే కదా తమ్ముడూ! తక్కువ వోల్టుల బెల్లు ఉంటుందట. పెట్టెలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారట. చదువు కేంద్రంలో చెప్పారు."

"ఉంది. కాస్త ఖర్చు ఎక్కువ. బెల్లు కూడా మార్చాలి. ఈ పాత బెల్లు 230ది. 8 వోల్టులకు మోగదు."

"మరి 8 వోల్టుల బెల్లుకు 230 ఇస్తే?"

"మోగడం కాదు, మాడిపోతుంది."

అత్త మధ్యలో అందుకుంది. "ఖర్చు ఎంతైనా పర్లేదు బాబూ. నా చెయ్యి ఇంకా జివ్వుమంటూనే ఉంది."

ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. దుకాణం ఆయన ఒక బెల్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ తీసి బల్ల మీద పెట్టాడు. కోడలు రెండు పెట్టెలూ చేతిలోకి తీసుకుంది. మెల్లగా చదివింది.

"అన్నా, బెల్లు మీద 8 నుంచి 12 అని ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద 24 అని ఉంది. రెండూ జత కుదురుతాయా?"

దుకాణం ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"కుదరవమ్మా. పొరపాటున వేరేది తీశాను. బెల్లు కాలిపోయేది. ఇదిగో 8 వోల్టులది."

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "నేనూ చూడలేదక్కా" అన్నాడు.

రెండు అంకెలు చదవడం వల్ల ఒక బెల్లు మిగిలింది. మళ్లీ దుకాణానికి తిరిగే పని తప్పింది.

కొనేటప్పుడు ఇవి చదవండి

1. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇన్‌పుట్ అని ఉన్న చోట 230 ఉండాలి. అది లోపలికి వచ్చేది.

2. అవుట్‌పుట్ అని ఉన్న చోట 8 గాని, 12 గాని ఉండాలి. అది బయటికి పోయేది. బెల్లు మీద రాసి ఉన్న అంకెతో అది కుదరాలి.

3. అది బెల్లు కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ అయి ఉండాలి. రేడియోలోదో, పాత చార్జరులోదో విప్పి పెట్టెలో పెట్టకూడదు.

4. దాని వెనక పెట్టెలోని పట్టీకి తగిలించే కొక్కెం ఉండాలి. ఎం.సి.బి.కీ అలాంటి కొక్కెమే ఉంటుంది.

5. తీగలు, స్విచ్చిలు, ఎం.సి.బి.లు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. బిల్లు అడిగి తీసుకోండి.

బిగించేటప్పుడు

ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. ఇంట్లో ఎవరికి వారు చేయకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక పక్క 8 వోల్టులే. రెండో పక్క 230 వోల్టులే. అక్కడ తప్పు చేస్తే మొదటికే మోసం. మరి ఇంటావిడ పని ఏమిటి? దగ్గర ఉండి చూడాలి. తెలియనిది అడగాలి.

ఆ ఇంట్లో పని ఇలా జరిగింది.

ఎలక్ట్రీషియన్ మొదట మెయిన్ స్విచ్చి ఆపాడు. టెస్టరు తీశాడు.

"ముందు కరెంటు ఉన్న చోట టెస్టరు వెలుగుతోందో లేదో చూడాలక్కా. టెస్టరే పాడైతే, కరెంటు ఉన్నా లేదని చూపిస్తుంది."

"మెయిన్ ఆపావు కదా, ఇంక పెట్టెలో ఎక్కడా కరెంటు ఉండదు కదూ?" అని అడిగింది అత్త.

"ఉంటుంది పెద్దమ్మా. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. మీటరు నుంచి మెయిన్ స్విచ్చికి వచ్చే తీగల్లో కరెంటు అలాగే ఉంది. మెయిన్ ఆపితే దాని తర్వాతే ఆగుతుంది. దానికి ముందు ఆగదు. అక్కడ ముట్టుకోవాలంటే కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి బయటే ఆపాలి. ఈ పనికి ఆ తీగల జోలికి పోనక్కర్లేదు."

కోడలు పిల్లవాడిని ఎత్తుకుని పక్కింటావిడకు ఇచ్చి వచ్చింది. మెయిన్ స్విచ్చి దగ్గరే నిలబడింది. "పని అయ్యేదాకా ఎవరినీ వేయనివ్వను" అంది.

పెట్టెలో రెండు ఎం.సి.బి.లు పట్టేంత ఖాళీ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా అక్కడ కూర్చుంది. ఖాళీ లేకపోతే ఇరికించకూడదు. పక్కనే ఇంకో చిన్న పెట్టె బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ పని చేస్తుంటే కొద్దిగా వేడెక్కుతుంది. దానికి గాలి ఆడాలి.

లైట్ల ఎం.సి.బి. నుంచి ఫేజు తీగ తెచ్చాడు. అది 6 ఆంపియర్లది. న్యూట్రల్ తీగ కూడా తెచ్చాడు. "ఫేజు ఏ ఆర్.సి.సి.బి. కిందిదో న్యూట్రల్ కూడా దాని కిందిదే కావాలక్కా. కలగాపులగం చేస్తే ఊరికే పడిపోతూ ఉంటుంది" అన్నాడు. మరలు గట్టిగా బిగించాడు. ఒక్కో తీగనూ లాగి చూశాడు. వదులుగా ఉన్న తీగ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. ఇళ్లు తగలబడే కారణాల్లో అదీ ఒకటి.

తర్వాత 8 వోల్టుల పక్క. ఆ పక్కన రెండు తీగలు. ఒక తీగ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బెల్లుకు వెళ్తుంది. బెల్లు నుంచి గుమ్మం స్విచ్చికి వెళ్తుంది. స్విచ్చి నుంచి రెండో తీగ తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు వస్తుంది. స్విచ్చి నొక్కితే చుట్టు పూర్తవుతుంది. బెల్లు మోగుతుంది. చెయ్యి తీస్తే చుట్టు తెగుతుంది. బెల్లు ఆగుతుంది.

"బెల్లు తీగ సన్నగా ఉంది. దీన్ని లావు తీగలతో కలిపి ఒకే గొట్టంలో వేస్తే పని తేలిక కదా?" అని కోడలు అడిగింది.

"వద్దక్కా. దీని తొడుగు పలచన. 230 తీగలతో రాసుకుని తొడుగు పోయిందనుకో, ఆ 230 ఈ తీగలోకి ఎక్కుతుంది. గుమ్మం దాకా వెళ్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టీ లాభం లేదు. అందుకే దీనికి వేరే గొట్టం, పెట్టెకు వేరే రంధ్రం."

పాత బెల్లు తీగ గోడలోనే ఉంది. దాన్ని రెండు వైపులా విప్పేశాడు. కరెంటు తగిలే చోటు లేకుండా చేశాడు. గుమ్మం దగ్గర కొత్త స్విచ్చి బిగించాడు.

చివరికి పెట్టె మూత వేశాడు. ఒక రంధ్రం ఖాళీగా ఉంటే దానికి బిళ్ల బిగించాడు. "ఖాళీ వదిలితే బల్లి దూరుతుంది. బల్లి చచ్చి, ఎం.సి.బి. కూడా చెడుతుంది" అన్నాడు.

మెయిన్ వేశారు. అత్త గుమ్మం దగ్గర నిలబడింది. చెయ్యి చాపింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నువ్వు నొక్కవే అమ్మాయ్!"

కోడలు నొక్కింది. బెల్లు మోగింది. అప్పుడు అత్త కూడా నొక్కింది. మళ్లీ నొక్కింది.

"చాలు అత్తయ్యా, వీధివాళ్లంతా వస్తారు" అని కోడలు నవ్వింది.

పెట్టె మీద చీటీ

ఎలక్ట్రీషియన్ వెళ్లబోతుంటే కోడలు ఆపింది. "ఏ ఎం.సి.బి. దేనిదో ఒక్కొక్కటీ చెప్పు తమ్ముడూ. రాసుకుంటా."

ఒక తెల్ల కాగితం తెచ్చింది. వరసగా రాసింది: "1. హాలు లైట్లు, బెల్లు. 2. ఫ్యాన్లు. 3. వంటిల్లు. 4. మోటారు." పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. మూత లోపలి వైపు అతికించింది.

ఈ చీటీ చిన్నదే. కాని చాలా పని చేస్తుంది. వంటింట్లో మిక్సీ పొగలు వస్తే ఏది ఆపాలో వెతుక్కోనక్కర్లేదు. మగవాళ్లు పొలం నుంచి వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు. పగలంతా ఇంట్లో ఉండేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే, పిల్లలే. ప్రమాదం జరిగినప్పుడు దగ్గర ఉండేదీ వాళ్లే. అందుకే ఈ పెట్టెను చదవడం వాళ్లకు రావాలి.

డబ్బు లేకపోతే?

అందరూ ఇంత ఖర్చు పెట్టలేరు. తీగ అక్కర్లేని బెల్లులు కూడా దొరుకుతాయి. వాటి స్విచ్చిలో చిన్న బ్యాటరీ ఉంటుంది. గుమ్మం దగ్గరికి కరెంటు తీగే వెళ్లదు. అదీ మంచిదే. బ్యాటరీ అయిపోతే మార్చుకోవాలి. అదీ వద్దనుకుంటే పగిలిన స్విచ్చికి వచ్చే కరెంటును ఎలక్ట్రీషియన్ చేత తీసేయించండి. బెల్లు లేకపోయినా ఇబ్బంది లేదు. తలుపు తడితే చాలు. షాకు కొట్టే బెల్లు మాత్రం ఒక్క రోజు కూడా ఉండకూడదు.

షాకు కొడితే ఏం చేయాలి?

1. షాకు తగిలిన మనిషిని చేత్తో పట్టుకోకండి. పట్టుకుంటే మీకూ తగులుతుంది.

2. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపండి.

3. ఆపడం కుదరకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో మనిషిని తీగ నుంచి దూరంగా నెట్టండి. తడి కర్ర, ఇనుప కడ్డీ వాడకండి. వీధిలో తెగిపడిన తీగ దగ్గరికి మాత్రం వెళ్లకండి.

4. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, నేర్చుకున్నవారు వెంటనే ఛాతీ మధ్య నొక్కడం మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

5. స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో తప్పు ఉంటే 1912కి ఫోన్ చేయండి. అది కరెంటు ఫిర్యాదుల నంబరు.

గుర్తుంచుకోండి

బెల్లు స్విచ్చి జిల్లుమంటే అది చేతి తిమ్మిరి కాదు. అది హెచ్చరిక. ఆ రోజే కరెంటు ఆపి చూపించాలి.

ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది. ఆర్.సి.సి.బి. మనిషిని కాపాడుతుంది.

మెయిన్ ఆపినా మీటరు వైపు తీగల్లో కరెంటు ఉంటుంది.

8 వోల్టుల తీగ, 230 వోల్టుల తీగ కలవకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ పెద్దగా గుయ్‌మన్నా, కాలిన వాసన వచ్చినా దాని ఎం.సి.బి. ఆపి మిస్త్రీని పిలవాలి.

కొత్త మాటలు

వోల్టు: కరెంటును తోసే బలానికి కొలత.

ఆంపియరు: తీగలో పారే కరెంటుకు కొలత.

ఫేజు: కరెంటు వచ్చే తీగ.

న్యూట్రల్: కరెంటు తిరిగి వెళ్లే తీగ.

ఎర్తు: భూమికి కలిపిన తీగ.

లెక్క చేయండి

ట్రాన్స్‌ఫార్మర్ బెల్లు మోగనప్పుడు కూడా కొంచెం కరెంటు తీసుకుంటుంది. అది 2 వాట్లు అనుకోండి. రోజుకు 24 గంటలు. 2 × 24 = 48. నెలకు 30 రోజులు. 48 × 30 = 1,440. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్టు. అంటే నెలకు సుమారు ఒకటిన్నర యూనిట్టు. మీ బిల్లు చూసి, దానికి ఎంత డబ్బు అవుతుందో లెక్క కట్టండి.

జవాబులు చెప్పండి

1. అత్తకు బెల్లు నొక్కితే షాకు ఎందుకు కొట్టింది?

2. షాకు కొట్టినప్పుడు ఎం.సి.బి. ఎందుకు పడలేదు?

3. దుకాణంలో కోడలు ఏ అంకెలు చదివింది? చదవకపోతే ఏమయ్యేది?

4. సన్నని బెల్లు తీగకు వేరే గొట్టం ఎందుకు వేశారు?

5. మీ ఇంట్లో మెయిన్ స్విచ్చి ఎక్కడ ఉంది? చీకట్లో అయినా దాని దగ్గరికి వెళ్లగలరా?

మీరు చేయండి

ఈ వారం మీ ఇంటి పెట్టెను చూడండి. మూత విప్పకండి, పైపైనే చూడండి. అంకెలు చదవండి. ఏ స్విచ్చి దేనిదో ఒక్కొక్కటీ ఆపి తెలుసుకోండి. చీటీ రాసి అతికించండి. రాయడం రాని పక్కింటావిడ ఉంటే, ఆమె ఇంటికి కూడా ఒక చీటీ రాసి ఇవ్వండి.